గుడ్డ ఉతకొద్దని కాగితంలో లేదు

మొదటి రోజు

రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. రెండో లెవెల్, పదిహేడో గది, బొల్లం కొమురవ్వ, డెబ్బై ఒక్క ఏళ్లు. నావి అరవై దాటాక షిఫ్టు బడిలో నేర్చుకున్న అక్షరాలు. వంకర ఉంటే ఉంటాయి, అబద్ధం మాత్రం ఉండదు.

పొద్దున మొదటి సైరన్ మోగగానే పిల్లుల ఆఫీసు సదానందం సారు తలుపు కొట్టాడు. ఆయన వెనక ఒక పిల్ల. ముప్పై ఉంటాయేమో. చేతిలో కంతలు పొడిచిన రేకు డబ్బా, చంకలో చుట్టిన దుప్పటి.

"అవ్వా, మూడో లెవెల్ మూసేస్తున్నం. గాలి అక్కడిదాకా అందుతలేదు. ఈమె పేరు వినోద, గాలి గొట్టాల పని చేస్తది. ఇగ నీ గదిలనే ఉంటది."

"ఇది ఒక్కరి గది గద సారు."

"గది అదే అవ్వా. మనుషులు ఎక్కువైన్రు."

డబ్బాలో ఏముందని అడిగాను. పిల్లి అన్నాడు. నాకు పిల్లి ఉంది అన్నాను. ఆమెకు కూడా ఉంది అన్నాడు. అదేదో మా ఇద్దరికీ ముక్కులున్నాయని చెప్పినట్టు.

నా పిల్లి పేరు మసి. బొగ్గులాంటి నలుపు. గోడలకు చల్లే సున్నపు పొడిలో దొర్లి సగం తెల్లగా తిరుగుతుంది. పదకొండేళ్లుగా నా గది మీదుగా పోయే గాలి గొట్టానికి అదే కాపలా. ఎలుకలకు గొట్టం అతుకుల్లోని రబ్బరంటే ప్రాణం. అతుకు పోతే ముందున్న గదులన్నిటికీ గాలి తగ్గిపోతుంది. పదకొండేళ్లలో నా గదిలో ఒక్క అతుకు పోలేదు. ఈ మాట ఆఫీసులో ఎవరైనా ఎక్కడైనా రాసుకున్నారా?

సదానందం సారు నా చేతిలో ఒక కాగితం, ఈ పుస్తకం పెట్టాడు. "కాగితంల ఉన్నట్టు చెయ్యి. ఏం జరిగింది దినాం ఈ పుస్తకంల రాయి. పద్నాలుగు దినాలల్ల కలిస్తే రెండూ ఉంటయి. కలవకుంటే, కలవని పిల్లిని పైకి పంపుతం."

పైకి అనే మాటను ఆయన పక్క గదికి అన్నంత తేలిగ్గా అన్నాడు. మనం ఈ పాత బొగ్గు బాయిలోకి దిగి ఉంటున్నది ఎందుకు? పైన ఎండకు ఇనుప పట్టాలే వంగిపోతున్నాయనే కదా. అక్కడ పిల్లి ఎన్ని గంటలు బతుకుతుంది? అడిగాను. రూలు ఆయన పెట్టలేదట. ఎవరు పెట్టారో ఆయనకు తెలియదట.

గది మధ్యలో ఒకప్పుడు బొగ్గు మోసిన పాత బెల్టు పట్టా తెరగా కట్టాం. అటు ఆమె, ఆమె పిల్లి. ఇటు నేను, మసి. ఆమె పిల్లి పేరు తంగేడు అట. పసుపుపచ్చ గండుపిల్లి, ఒక చెవి చినిగింది. తంగేడు పువ్వును ఈ పిల్ల ఎప్పుడైనా చూసిందా? నేను చూశాను. ఇంత పొగరుగా ఉండదు.

రెండో రోజు

కాగితంలో ఇలా ఉంది: ఒక పిల్లి ఒంటికి గుడ్డ రుద్ది, ఆ గుడ్డను రెండో పిల్లి గిన్నె కింద పెట్టాలి. రోజూ పెట్టాలి. ఎందుకో రాయలేదు. పెద్దవాళ్లు రాసిన కాగితాలు ఎప్పుడూ అంతే.

వినోద తన పిల్లికి గుడ్డ రుద్ది తెర కింది నుంచి ఇచ్చింది. మూడో లెవెల్లో గజ్జి ఉందని విన్నాను. దగ్గు కూడా ఉందన్నారు. ఆ గుడ్డను అలాగే తెచ్చి మసి గిన్నె కింద పెట్టడానికి నాకేమన్నా పిచ్చా? నా వంతు నీళ్లతోనే, సోడా వేసి, ఒక పొంగు వచ్చేదాకా ఉడకబెట్టాను. గొట్టం వేడి మీద ఆరేశాను. అప్పుడు పెట్టాను. మసికి రుద్దిన గుడ్డను కూడా ఉడకబెట్టే ఇచ్చాను. నా పిల్లికి రోగమని రేపు మాట రాకూడదు కదా.

మసి గుడ్డవైపు కూడా చూడలేదు. తెర దగ్గర మాత్రం బుసకొట్టింది. మంచి పని చేసింది.

మూడో రోజు

తంగేడు పడుకునే దుప్పటి కంపు కొడుతోంది. వినోద పనికి పోయినప్పుడు తీసి దాన్ని కూడా ఉడకబెట్టాను. నాకు అవసరమా? అయినా చేశాను. గది ఒక్కటే, గాలి ఒక్కటే.

దుప్పటి ఆరినప్పటి నుంచి తంగేడు ఒకటే అరుపు. ఒక షిఫ్టంతా అరిచింది. దుప్పటి చుట్టూ తిరుగుతుంది, ముక్కు పెడుతుంది, మళ్ళీ అరుస్తుంది. ఇంత గొంతున్న పిల్లి ఎలుకల్ని ఏం పడుతుంది? అది వస్తుందని అవి ముందే వింటాయి.

వినోద వచ్చి దుప్పటి పట్టుకుని చాలాసేపు నిలబడింది. "ఉతికినవా అవ్వా" అంది. "ఉడకబెట్టిన" అన్నాను. ఒక్క మంచి మాట లేదు. పోయి పడుకుంది.

మసి ఈ రోజు మూడుసార్లు బుసకొట్టింది.

ఐదో రోజు

తెరకు అటూ ఇటూ గిన్నెలు పెట్టాలట. పెట్టాను. పిల్లులకు పెట్టే ఎండు పురుగుల పిండిలో మసికి ఇష్టమని కొంచెం నూనె చుక్క కూడా వేశాను. అది తినలేదు. తెర అటునుంచి తంగేడు చప్పరిస్తుంటే ఎవరికి తినబుద్ధి అవుతుంది?

ఆమె గురించి కూడా రాయాలి. కాళ్లు తుడుచుకోకుండా వస్తుంది. గొట్టాలకు పూసే జిగురు వాసన తెస్తుంది. పాడుతుంది. ఒకటే పాట, అది కూడా సగం. నిద్రలో పళ్లు కొరుకుతుంది. నా గుండె దడ తగ్గి నిద్రపట్టే వేళకు కరకరమని మొదలు. ఎలుకేమోనని మసి, నేను ఇద్దరం లేస్తాం.

గుడ్డను ఈ రోజు రెండు నీళ్లలో ఉడకబెట్టాను. మసి తెర మీదికి రెండుసార్లు పంజా విసిరింది.

ఏడో రోజు

తెరను జానెడు లేపమని కాగితం చెప్పింది. వద్దని నా మనసు చెప్పింది. కాగితం మాటే విన్నాను.

తంగేడు ముక్కు కనపడగానే మసి దూకింది. గిన్నెలు ఎగిరాయి. సున్నపు పొడి లేచి ఏది ఏ పిల్లో తెలియలేదు. వినోద మధ్యలో చెయ్యి పెట్టింది. మోచేతి దాకా మూడు గీతలు, రక్తం.

"నీ పిల్లికి ఏం పుట్టింది అవ్వా? మాది ఒక్క దెబ్బ కొట్టలే."

"మాదాని ఇంటికి మీది వచ్చింది. మీదాని ఇంటికి మాది పోలే."

"మాకు ఇల్లేడున్నది? మూసేసిన్రు."

"నేను మూసిన్నా?"

"నువ్వు మూసినవని ఎవలన్నరు?"

"నీ మొఖం అంటున్నది."

ఆమె గాయానికి నేనే పసుపు పెట్టాను. కోపంతోనే పెట్టాను. పెట్టకపోతే చీము పడుతుంది, ఆ నేరం కూడా మా మీదికే వస్తుంది.

ఉన్నది ఉన్నట్టు మొత్తం రాస్తున్నాను. ఎవరు వచ్చాక ఈ గదిలో శాంతి పోయిందో ఆఫీసువాళ్లకు తెలియాలి. మసి రోజుకు ఎన్నిసార్లు బుసకొట్టిందో, ఎన్నిసార్లు మీదికి దూకిందో గీతలు పెడుతున్నాను. చూస్తే దాని బాధ వాళ్లకే అర్థమవుతుంది.

తొమ్మిదో రోజు

 

అన్నం వండుతుంటే పైన సన్నగా చీదినట్టు చప్పుడు. ముందు మసి అనుకున్నాను. కాదు. గొట్టం అతుకు. పదకొండేళ్లలో మొదటిసారి నా గదిలో ఎలుక అతుకు కొరికింది. మసి ఎక్కడుంది? తెర ముందు కూర్చుంది. తొమ్మిది రోజులుగా దానికి అదే పని. పైకి కూడా చూడలేదు. తంగేడు అటు తెర కింద కూర్చుంది. రెండు పిల్లులున్న గదిలో ఎలుక తీరిగ్గా తినిపోయింది.

గొట్టం మీద నా తర్వాతది పద్దెనిమిదో గది, అందులో బాలింత ఉంది. నేను తలుపు తీసి అరిచాను. వినోద అప్పుడే పని నుంచి వస్తోంది. చెప్పులతోనే నా మంచం ఎక్కింది, రబ్బరు ముక్క పెట్టి జిగురు పూసి అరచేత్తో నొక్కి పట్టుకుంది. జిగురు ఆరేదాకా దీపం నేను పట్టుకున్నాను. చేతులు దించకుండా అట్లాగే నిలబడింది. గాయం తెరుచుకుని రక్తం మోచేతి నుంచి నా పరుపు మీద పడింది.

"దీపం కదపకవ్వా."

"కదుపుతలే. నా చెయ్యే వణుకుతుంది."

"అయితే ఒణకనియ్యి. దీపం కదపకు."

పరుపు గుడ్డ ఉతకాలి. ఆ మాట ఆమెతో అనలేదు.

పదకొండో రోజు

రాయడానికి ఒళ్లు మండుతోంది.

సదానందం సారు వచ్చాడు. పుస్తకం తీసుకుని నా ముందే చదివాడు. చదువుతూ వేలితో నా గీతలు లెక్కబెట్టాడు.

"బుసలు ఇరవై ఆరు. మీద వడ్డది నాలుగుసార్లు. అన్నీ మసియే. పచ్చదానివి ఒక్కటి లేవు. అతుకు గూడ పోయింది." పుస్తకం మూశాడు. "ఇగ చెప్పేదేమున్నదవ్వా. కలవనిది నీ పిల్లే. పద్నాలుగో దినం నాడు వచ్చి తీస్కపోత."



"సారు, అవి నేను మసి మీద చెప్పిన చాడీలనుకుంటున్నవా? అది ఎంత తిప్పలు పడుతుందో రాసిన."

"నువ్వెందుకు రాసినవో నాకెట్ల తెలుస్తదవ్వా? రాసిందే తెలుస్తది."

"ఉన్న పిల్లి తన ఇల్లు కాసుకోవద్దా?"

"మీదవడ్డది కలవనిది. రూలు అట్లనే ఉన్నది."

చూశారా న్యాయం. తెలియనివాళ్లను తెచ్చి ఇంట్లో పెడతారు, తెర కట్టమంటారు, తెర లేపమంటారు. ఇల్లు గలది అరిస్తే దానిదే తప్పంటారు. నేను నిజం రాసినందుకు నా పిల్లిని ఎండలో పడేస్తారు. బడిలో ఈ అక్షరాలు నేర్పినవాళ్లు కనపడితే అడుగుతాను, ఇందుకేనా నేర్పారని.

పేజీలు చింపేద్దామనుకున్నాను. ప్రతి పేజీ మీద నంబరు గుద్ది ఉంది.

వినోద ఇదంతా తెర అటునుంచి విన్నది. ఈ రోజు పాట పాడలేదు.

పన్నెండో రోజు

వినోద తెర పక్కకు జరిపి నా మంచం కాళ్ల దగ్గర నిలబడింది. పిల్లులను రెండు మూలల్లో రెండు డబ్బాల కింద మూసింది.

"ఆ పుస్తకం నేను చదువొచ్చునా అవ్వా?"

"చదువు. చేసేదంతా అదే చేసింది. నువ్వు చదివితే ఏమైతది?"

ఇచ్చాక గుర్తొచ్చింది, అందులో ఆమె కాళ్లు, పాట, పళ్లు అన్నీ ఉన్నాయని. ఇక చేసేదేం లేదు. గోడవైపు తిరిగి బచ్చలికూర గిల్లుతూ కూర్చున్నాను.

"నిద్రల పండ్లు కొరుకుతనా?" అంది.

"కొరుకుతవ్."

"నాకెవ్వలు చెప్పలే."

"పక్కన ఒకలు పండుకుంటే గద చెప్పేది."

మళ్ళీ పేజీ తిప్పిన చప్పుడు. తర్వాత వెనక్కి తిప్పింది. మళ్ళీ ముందుకు.

"అవ్వా, గుడ్డను ఉడకబెట్టినవా?"

"దినాం. సోడా ఏసి."

"నేను రుద్ది ఇచ్చిన గుడ్డను?"

"మరి ఏ గుడ్డను?"

"అవ్వా, ఆ గుడ్డ పెట్టేది వాసన కోసం. దీని వాసన అది పట్టాలె, దాని వాసన ఇది పట్టాలె. చూడకముందే ఎరుకయితది."

"వాసన ఉండొద్దనే గద నేను ఉడకబెట్టింది."

వినోద నేల మీద కూలబడి నవ్వింది. కడుపు పట్టుకుని నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది. తర్వాత దుప్పటి ఉన్న పేజీ దగ్గరకు వచ్చింది. అప్పుడు నవ్వు ఆగింది.

"అండ్ల మా గది వాసన ఉండె. తంగేడు పుట్టిన కాడి నుంచి దాని మీదనే పండుకున్నది. అందుకే అరిచింది." పుస్తకం మూసి, "నాకు గూడ అరవాలనిపించింది" అంది.

 శుభ్రం చేస్తున్నాననుకున్నాను. పదకొండు రోజులు ఆ రెండు మూగజీవాల మధ్య ఉడకబెట్టిన గుడ్డలు అటూ ఇటూ తిప్పాను. మసికి ఆ తెర వెనక ఎవరున్నారో తెలియనే లేదు. తెలియని చప్పుడు మీద పదకొండు రోజులు కాపలా కాసింది, ఈ వయసులో.

ఇంకోటి రాయాలి. వినోద ఈ మాట చెప్పకుండా రెండు రోజులు ఊరుకుంటే చాలు. మసి పోయేది, తంగేడు ఉండేది. ఆ సంగతి ఆమెకు తెలియదా? తెలుసు. అయినా చెప్పింది. ఆమె చోట నేనుంటే చెప్పేదాన్ని కాదేమో. ఇంత రాసిన పుస్తకంలో ఇదొక్కటి దాచి ఏం చేసుకోను.

పద్నాలుగో రోజు

సదానందం సారు ఖాళీ డబ్బా పట్టుకుని వచ్చాడు. మసిని నేను చీర కొంగులో చుట్టుకుని కూర్చున్నాను.

వినోద పుస్తకం తెరిచి ఆయన ముక్కు ముందు పెట్టింది. "రెండో దినం చదువున్రి సారు. ఇగో మూడో దినం. ఐదో దినం. గుడ్డ మార్చుడు ఒక్కనాడు జరగలే. కాగితంల ఉన్నట్టు చేస్తెనే పద్నాలుగు దినాలు లెక్క. చెయ్యలేదు గద, ఇవి లెక్కల రావు."

సారు చదివాడు. నన్ను చూశాడు. "ఉడకబెట్టినవా అవ్వా?"

"ఉతకొద్దని కాగితంల ఏడున్నది? చూపియ్యి."

ఆయన కాగితం తీశాడు. పైనుంచి కింద దాకా చదివాడు. వెనక్కి తిప్పాడు. వెనక ఏమీ లేదు.

"అది ఎవలకైనా తెలిసేదే అవ్వా."

"నాకు తెల్వలే. నాకు తెల్వదనే గద కాగితం ఇచ్చినవ్. తెలిసినోళ్లకు కాగితం ఎందుకు?"

సారు తల గోక్కున్నాడు. ఇంకో పద్నాలుగు రోజులు ఇవ్వాలంటే పెద్దసారు ఒప్పుకోవాలట. తప్పు నాదేనని నేను రాసివ్వాలట, ఇద్దరం సంతకం పెట్టాలట. పైగా రెండోసారి గడువు తీసుకుంటే రూలు వేరట, ఈసారి కలవకపోతే రెండు పిల్లులూ పైకేనట.

నేను వినోదను చూశాను. తంగేడుకు ఈ రోజుతో ఏ భయమూ లేదు. ఆమె సంతకం పెట్టకుండా పనికి వెళ్లిపోవచ్చు.

"వద్దు బిడ్డా. నీదాన్నన్న ఉండనియ్యి" అన్నాను.

"నువ్వు జర ఊకోవ్వా" అని సంతకం పెట్టింది.

తప్పు నాదేనని నేను రాశాను. దాని కింద ఇంకో వాక్యం రాశాను: ఉతకొద్దని కాగితంలో లేదు. రెండోది కొట్టేయమన్నాడు సారు. కొట్టేయలేదు.

మళ్ళీ మొదటి రోజు

పెద్దసారు ఒప్పుకున్నాడట. గుడ్డను ఉడకబెట్టలేదు. తంగేడుకు రుద్దిన గుడ్డను అట్లాగే, వెంట్రుకలతో, చొంగతో సహా మసి గిన్నె కింద పెట్టాను. పెట్టి చేతులు మూడుసార్లు కడుక్కున్నాను.

మసి ముక్కు పెట్టింది. తలెత్తలేదు. ఒక మూల నుంచి ఇంకో మూల దాకా చదివినట్టు వాసన చూసింది. తర్వాత ఆ గుడ్డ మీద బుసకొట్టింది.

మళ్ళీ మొదటికొచ్చిందనుకున్నాను. వినోద మాత్రం చప్పట్లు కొట్టినంత పని చేసింది. "ఎరుకయింది అవ్వా. గుడ్డ మీద ఎన్నడన్న బుసకొట్టిందా? ఇప్పుడు అండ్ల ఎవలో ఉన్నరని ఎరుకయింది."

రాశాను, బుస ఒకటి, గుడ్డ మీద. గీత పెట్టలేదు.

మళ్ళీ ఆరో రోజు

మసి గుడ్డ పక్కన కూర్చుని తిన్నది. గిన్నె ఖాళీ. తెర అటు చప్పరింపులు, ఇటు చప్పరింపులు. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. నాకు భయం మాత్రం తగ్గలేదు. మసికి ఒంట్లో బాగాలేక ఊరుకుందేమోనని పొట్ట నొక్కి చూశాను. కరిచింది. బాగానే ఉంది.

వినోద పాటలో మిగిలిన సగం ఆమెకు రాదట. అందుకే సగమే పాడుతుందట. నాకు వచ్చు. చెప్పాలా వద్దా చూస్తున్నాను.

మళ్ళీ పదమూడో రోజు

తెర తీసి మూడు రోజులైంది. దెబ్బలాట లేదు. ప్రేమ కూడా లేదు.

సదానందం సారు ఒకరోజు ముందే వచ్చాడు, మేము సర్దిపెట్టకముందే చూడాలని. నన్ను నమ్మడన్నమాట. చూడనీ. మసి గొట్టం ఈ చివర అతుకు కింద, తంగేడు ఆ చివర అతుకు కింద కూర్చున్నాయి. మధ్యలో ఆరు మూరలు. రెండూ పైకే చూస్తున్నాయి. ఒకదాన్నొకటి చూసుకోవడం లేదు.

"ఇది కలిసినట్టేనా?" అన్నాడు.

"నువ్వు, మీ పెద్దసారు ఆఫీసుల ఎంత దగ్గర కూసుంటరు?" అన్నాను.

వినోద పక్కకు తిరిగి దగ్గింది. సారు ఒకసారి పిల్లులను, ఒకసారి మమ్మల్ని చూసి పుస్తకంలో రెండూ ఉండొచ్చని రాసి ముద్ర వేశాడు. ముద్ర సరిగా పడలేదని ఇంకోసారి వేయించాను. కాగితం ఇంకో గదికి ఇచ్చేటప్పుడు ఉతకొద్దని దాని మీద రాయండి అని కూడా చెప్పాను. చూద్దాం అన్నాడు. చూడరు. నాకు తెలుసు. అందుకే ఆయన సంచిలోంచి ఇంకా ఎవరికీ ఇవ్వని కాగితాలు తీయించి అన్నిటి కిందా నా చేత్తోనే రాసి ఇచ్చాను. అక్షరాలు వంకరగా ఉన్నాయన్నాడు. చదివితే తెలుస్తుంది కదా అన్నాను.

ఆయన వెళ్లాక చూస్తే రెండు పిల్లులూ వినోద దుప్పటి మీదికి చేరాయి. అటు అంచున ఒకటి, ఇటు అంచున ఒకటి. దుప్పటి నిండా నల్ల వెంట్రుకలు, పచ్చ వెంట్రుకలు, సున్నపు పొడి, ఎలుక తోక ముక్క కూడా ఒకటి. దాన్ని చూస్తుంటే నా చేతులు ఊరుకోవడం లేదు.

పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. అవి చాయకే.